శాంపిల్ పెట్టె

పోయినవారం మన కథ ఒక అట్టపెట్టె మూత దగ్గర ఆగింది. ఆఫీసు బల్లమీద ఆ పెట్టె పెట్టుకుని, టేపు కోసి, మూత ఎత్తి, ఒక్కడుగు వెనక్కి వేశాను. లోపల ఉండాల్సినవన్నీ ఉన్నాయి. పాత టెలిఫోన్ డైరెక్టరీలు, తెల్ల కాగితాల కట్టలు, వాటి మధ్య నేనే దూర్చిన పనికిరాని ఎక్స్‌రే ఫిల్ములు. ఒక్కటీ తడవలేదు, ఒక్కటీ మడత పడలేదు. కానీ గుప్పున వాసన కొట్టింది. హికరీ కట్టెల పొగ. మా తమ్ముడు ఎమిల్ ఇంటి గ్యారేజీలో మాంసానికి పొగబెట్టినప్పుడు వీధి వీధంతా కొట్టే వాసన.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను వెరా పెట్రాక్‌ని. కాన్సస్ సిటీలో ఒక బ్రేకుల ఫ్యాక్టరీకి పాత కాగితాలు కాపలా కాసే ఉద్యోగం నాది. ఫ్యాక్టరీ మూతపడింది. యంత్రాలు ఎవరో కొనుక్కుపోయారు, భవనం ఇంకెవరో కొన్నారు. ఎవరూ కొననివి మిగిలాయి. బ్రేకుల్లో కలిపే ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చిన మనుషుల ఛాతీ ఎక్స్‌రే ఫిల్ములు. ఏడాదికోసారి తీయించినవి, ఫ్యాక్టరీ వెనక షెడ్డు నిండా పెట్టెలు. మనిషి పని మానేసినా ముప్ఫై ఏళ్ళపాటు వాటిని దాచి ఉంచాలని చట్టం. మా నాన్న ఛాతీ కూడా అందులో ఉంది. నాన్న పోయాడు. నాన్న పక్కనే సానచక్రం దగ్గర పనిచేసిన డెల్బర్ట్ హ్యాచర్ ముక్కులో గొట్టం పెట్టుకుని ఇంకా బతికున్నాడు. అతని కేసు వచ్చే నెల కోర్టుకి వస్తుంది. పాత ఫిల్ముల పక్కన కొత్తవి పెట్టి చూపిస్తే తప్ప ఈ జబ్బు మా ఫ్యాక్టరీ ఇచ్చిందేనని రుజువు కాదు. "నీ చేతుల్లో ఉన్నంతకాలం నా ఊపిరితిత్తులకి భయం లేదమ్మా" అన్నాడు నాతో. ఉంటాయని మాటిచ్చాను.

ఆ పెట్టెలు దాచడానికి బయట ఒక చోటు వెతకమని యజమాని హోలిస్ బ్రాంట్ నాకు చెప్పాడు. జాబితాలో ముగ్గురున్నారు. విమానాశ్రయం దగ్గర ఒక పెద్ద కంపెనీ, నది అవతల సున్నపురాతి గుహల్లో గోడౌన్ నడిపేవాళ్ళు, మూడోది మా ఎమిల్. మా తమ్ముడి పేరు నేను చేర్చలేదు. బ్రాంట్ గారే చేర్చారు. "మన ఊరివాళ్ళకి ఒక అవకాశం ఇవ్వకపోతే ఎలా వెరా?" అన్నారు. నేను మురిసిపోయాను.

ఈ వ్యాపారం తెలిసినవాళ్ళు మాటలు నమ్మరు. తలా ఒక శాంపిల్ పెట్టె ఇచ్చి, కొన్నాళ్ళు ఊరుకుని, చెప్పాపెట్టకుండా తెమ్మంటారు. విమానాశ్రయం వాళ్ళు నా పెట్టె కనబడక వేరేవాళ్ళ పెట్టె తెచ్చి నవ్వారు. గుహవాళ్ళు గంటలోపల తెచ్చారు. పొడిగా, చల్లగా ఉంది. వాళ్ళతో ఒకటే చిక్కు. పెట్టె పెట్టడానికి చిల్లర తీసుకుంటారు, వెనక్కి ఇవ్వడానికి చర్మం వొలుస్తారు. అయినా అక్కడ చెమ్మ లేదు, చుట్టూ రాయి. ఎమిల్ పెట్టె ఆలస్యంగా వచ్చింది, సీలు చెక్కుచెదరకుండా వచ్చింది, మాంసం వాసనతో వచ్చింది.

మూత మళ్ళీ మూశాను. పెట్టె కారులో పడేసుకుని గుట్ట దిగాను.

మేము పుట్టి పెరిగింది గుట్టమీద. అక్కణ్ణించి చూస్తే కింద వెస్ట్ బాటమ్స్, రెండు నదులు కలిసేచోట పల్లంలో పాత ఇటుక గోడౌన్లు. వాన పడితే ఊళ్ళో నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. అలాంటి చోట కాగితాలు దాచే వ్యాపారం పెట్టినవాడు మా తమ్ముడు. అద్దె తక్కువని పెట్టాడు. అప్పట్లోనే మా అమ్మ అంది, "వీడికి తెలివి ఇవ్వమని మొక్కుకుంటే దేవుడు ధైర్యం ఇచ్చాడు" అని. తెలివి ఇచ్చుంటే నాకు ఈ రోజు రాకపోను.

చినుకులు మొదలయ్యాయి. ఎమిల్ సరుకు దించే గుమ్మం దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వులో జీవం లేదు.

"ఏంటక్కా, నువ్వే మోసుకొచ్చావ్? ఫోన్ కొడితే నేనే వచ్చి పట్టుకుపోయేవాణ్ణిగా."

"నీకు ముక్కుందా?"

"ఉంది."

"అయితే వాసన చూడు."

వంగి చూశాడు. తల ఎత్తలేదు. అలాగే అన్నాడు, "మంచి వాసనేగా. లోకంలో అందరూ బూజు వాసనని గొడవ పెడతారు. నువ్వు మాంసం వాసనని గొడవ పెడుతున్నావ్."

"కాగితానికి సిగ్గులేదురా. పక్కన ఏముంటే ఆ వాసన పట్టేసుకుంటుంది. ఇది నీ గోడౌన్లో లేదు. నీ గ్యారేజీలో ఉంది. అసలు ఈస్టర్ ఉపవాసాల రోజుల్లో నువ్వు మాంసం కాల్చడమేంటి? అమ్మ ఉంటే ఆ కట్టె తీసుకునే వాయించేది."

"తినడానికి కాదక్కా. అమ్ముకోడానికి."

"అమ్ముకోడానికా?"

"శనాదివారాలు అమ్ముతున్నా. గోడౌన్ మీద వచ్చేది కరెంటుకి కూడా చాలట్లేదు."

నాకు కోపం తగ్గాలి నిజానికి. తగ్గలేదు. పెట్టెని ఆ గుమ్మంలోనే దింపాను.

"గోడౌన్ ఇంత పెట్టుకుని నా పెట్టె గ్యారేజీలో ఎందుకు పెట్టావ్?"

కప్పు చివర పట్టుకుని కాఫీ ఊపుతున్నాడు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టినప్పుడూ ఇంతే, చేతిలో ఏదుంటే దాన్ని ఊపుతాడు.

"లోపలికి పద," అన్నాను.

"లోపలేముందక్కా. అన్నీ పెట్టెలే."

"పెట్టెలే చూస్తాను."

గోడౌన్ చూపించేవాళ్ళు ఎప్పుడూ పైకి చూపిస్తారు. ఎంత ఎత్తు ర్యాకులో, ఎన్ని దీపాలో, మంటలార్పే గొట్టాలెన్నో. నేను కింది అర చూస్తాను. నేల చూస్తాను. ఇటుక గోడకి మోకాలెత్తున గోధుమరంగు గీత ఉంది. దానికింద సున్నం పొక్కి ఊడిపోయింది. కింది అరలో పెట్టెలు నడుం విరిగి కూర్చున్నాయి. ఒకదాని మూలమీద వేలు పెట్టాను. వేలు లోపలికి దిగిపోయింది.

వేలు వెనక్కి లాక్కున్నాను. అవి నా పెట్టెలు కావు. ఎవరో దంతవైద్యుడివి, ఎవరో లాయరువి, ఒక స్కూలువి. పేర్లు చూడటం మర్యాద కాదు గానీ చూశాను.

"ఎప్పట్నుంచి?"

"జనవరి. గడ్డకట్టే చలి కదా, హీటర్ ఆపేశా, ఖర్చు కలిసొస్తుందని. పైపు పగిలింది. ఆదివారం పూట పగిలింది, సోమవారం వచ్చి చూసుకున్నా." గొంతు తగ్గించాడు. "పైకప్పు మీద తారు కూడా పోయింది. గట్టిగా వానొస్తే అవతలి చివర కారుద్ది."

"నీ కస్టమర్లకి చెప్పావా?"

"ఎవడైనా వచ్చి అడిగితేగా! ఈ వ్యాపారం అదేనక్కా. ఇక్కడ పెట్టినవాడు మళ్ళీ మొహం చూపించడు. నూటికి తొంభై పెట్టెలు జన్మలో మళ్ళీ మూత తెరుచుకోవు. నెలనెలా బిల్లు కడతారు, లోపలేముందో వాళ్ళకే గుర్తుండదు. అదే నా ధైర్యం."

"మరి నా పెట్టె?"

"నువ్వు తెరుస్తావని తెలుసు." కళ్ళు తుడుచుకున్నాడు. మావాడికి ఏడుపు తొందరగా వస్తుంది, నాకు అదే రాదు. "నీదొక్కటీ పాడు కాకూడదనుకున్నా. పడగ్గదిలో పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. గ్యారేజీలో పైన చెక్కమీద పెట్టా, పొయ్యికి దూరంగా."

"ఎంత దూరంగా?"

"గ్యారేజీ ఎంతుంటుందక్కా?"

నవ్వొచ్చింది.  ఊళ్ళోవాళ్ళ పెట్టెలన్నీ నీళ్ళకి వదిలేసి, డైరెక్టరీలున్న నా పెట్టెని మాత్రం పసిబిడ్డలా దాచుకున్నాడు వెర్రివాడు. కాంట్రాక్టు వస్తే ఆ డబ్బుతో కప్పు వేయిస్తాడట, కప్పు వేయించాక మా పెట్టెలు తెస్తాడట. ఆశకి ఎప్పుడూ వరస తప్పుతుంది.

"చూడు ఎమిల్," అన్నాను, "ఫిల్ము తడిస్తే కాగితంలా ఆరదు. ఒకదానికొకటి అతుక్కుని ఇటుకైపోద్ది. విడదీస్తే బొమ్మ ఊడి చేతికంటుకుంటుంది. నీకిస్తే డెల్బర్ట్‌ని నా చేత్తో నేనే చంపినట్టు. రేపు బ్రాంట్ గారికి గుహే మంచిదని చెప్తాను. నీ పైపు సంగతి చెప్పను, నీ గోడౌన్ దూరమని చెప్తాను. అంతకంటే నేనేం చెయ్యలేను."

"నువ్వేం చెప్పక్కర్లేదు."

"అంటే?"

"అయిపోయిందక్కా."

అతని చూపు నా భుజం మీదుగా అవతలి చివరకి పోయింది. నేనూ తిరిగాను. నడిచాను. దీపం ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆఖరి వరస ర్యాకుల్లో కింది అరలో, నేలకి జానెడు ఎత్తులో, కొత్త పెట్టెలు. తెల్లగా, నిటారుగా. ఒక్కొక్కదాని మీద నీలం కాగితం అంటించి ఉంది. ఆ కాగితాలమీద అక్షరాలు నావి. అటుపక్క అరలో కూడా నావే. దాని వెనకా నావే.

 నేను నిన్నా మొన్నా నది అవతల గుహల్లో తిరుగుతూ, చెమ్మ ఎంత, దారి ఎంత అని అడుగుతూ మంచి దాన్ని ఎంచుతున్నాననుకుంటుంటే, ఫ్యాక్టరీ వెనక షెడ్డు తాళం తీయించి నా పెట్టెలన్నీ లారీలకెత్తించారు. షెడ్డు తాళం బ్రాంట్ గారి దగ్గర ఉంటుంది.

"ఆయనే వచ్చాడు," అన్నాడు ఎమిల్ నా వెనకనుంచి. "పోయినవారం. సూటేసుకుని ఒక్కడే వచ్చాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పానక్కా. ఒట్టు. నా జన్మలో ఒక కస్టమరుకి మొదటిసారి నిజం చెప్పా. పైపు పగిలిందన్నా, కప్పు కారుతుందన్నా, ఇప్పుడే వద్దు, బాగుచేశాక తెండన్నా."

"ఏమన్నాడు?"

"చుట్టూ చూశాడు. 'నీళ్ళు ముందు ఏ వరసకి వస్తాయి?' అని అడిగాడు."

వాన గట్టిపడింది. పైకప్పు మీద చప్పుడు పెరిగింది.

"చూపించావా?"

"చూపించా. జాగ్రత్త కోసం అడుగుతున్నాడనుకున్నా. ఆ వరసే కావాలన్నాడు. రెండేళ్ళ అద్దె ముందే ఇచ్చాడు. నేను బ్యాంకు అప్పుకి కట్టేశా. పైన టార్పాలిన్ కప్పుతానంటే, 'ప్రత్యేక ఏర్పాట్లేం వద్దండీ' అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో తెలుసా!"

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.  ఆ ఫిల్ములు తగలబెడితే జైలు. ముక్కలు చేయిస్తే జైలు. తడిస్తే మాత్రం దేవుడి పని. చట్టం దాచమంది, దాచాడు. గోడౌన్లో దాచాడు, అద్దె కట్టి దాచాడు. నన్ను ఊరంతా తిప్పింది మంచి చోటు కోసం కాదు. ఊళ్ళోకెల్లా చెడ్డది ఏదో నా చేత వెతికించుకున్నాడు, అదీ మా ఇంట్లోనే దొరుకుతుందని ముందే తెలిసి.

"నాన్నవి కూడా అందులోనే ఉన్నాయి," అన్నాను.

"తెలుసు."

"తెలిసే దింపుకున్నావా?"

"నాన్న పోయాడుగా అక్కా! పోయినవాడికి ఫిల్ములెందుకు? బతికున్నవాళ్ళకి ఇల్లుండాలి. నాకిద్దరు పిల్లలు."

"డెల్బర్ట్ బతికే ఉన్నాడు కదరా. నీకు బేస్‌బాల్ బ్యాటు పట్టుకోవడం నేర్పింది ఎవడు? నాన్న రెండో షిఫ్టులో ఉంటే నిన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చింది ఎవడు?"

"నన్ను చంపకు."

"నిన్ను చంపడానికి నువ్వు ఉండాలిగా ముందు!"

అనకూడని మాట. అన్నాను. ఎమిల్ గోడకానుకున్నాడు. నేను అతని ఆఫీసుగదిలోకి పోయి ఫోన్ ఎత్తాను. ఇక్కడే, పాఠకులారా, నేను నా గొయ్యి తవ్వుకున్నాను. కోపమొచ్చినప్పుడు నోరు మూసుకునే విద్య మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

బ్రాంట్ గారు ఫోన్ రెండోసారి మోగేసరికే ఎత్తారు.

"మా పెట్టెలు మా తమ్ముడి గోడౌన్లో ఏం చేస్తున్నాయి?" అన్నాను. నమస్కారం కూడా పెట్టలేదు.

"వెరా! నేనే మీకు చెబుదామనుకున్నాను. మీ ఎంపిక నాకు నచ్చింది."

"నేనింకా ఎంపిక చెయ్యలేదు."

"చేశారండీ. మీ సంతకం ఉంది."

"దేనిమీద?"

"శాంపిల్ పెట్టె ఇచ్చినప్పటి స్లిప్పు మీద."

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. అవును, సంతకం పెట్టాను. ముగ్గురి దగ్గరా పెట్టాను. ఈ వ్యాపారంలో మొదటి పెట్టె దింపుకున్న స్లిప్పే ఖాతా తెరిచినట్టు లెక్క. తర్వాత ఎన్ని లారీలొచ్చినా ఆ ఖాతాలోనే పడతాయి, ఇంకో సంతకం అడగరు. ఇన్నేళ్ళు ఈ పెట్టెలతో కాపురం చేసినదాన్ని, నాకు తెలియనిది కాదు. శాంపిలే కదా అనుకున్నాను. పరీక్ష పెడుతున్నది నేను కదా అనుకున్నాను.

"రేపు ఎవరైనా అడిగితే," అన్నారాయన మెత్తగా, "మూడు చోట్లు చూసి వచ్చిన మనిషి, తమ్ముడి గోడౌన్‌కే పెట్టె ఇచ్చింది, సంతకం పెట్టింది. మీరు మంచి మనసుతోనే చేశారని నేను చెప్తాను వెరా. కుటుంబం అన్నాక అభిమానం ఉంటుంది."

"డెల్బర్ట్ హ్యాచర్ చచ్చిపోతున్నాడు."

"వినడానికి చాలా బాధగా ఉంది."

ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరుకోవాల్సింది. ఫోన్ పెట్టేసి, బయటికొచ్చి, పెట్టెలు లారీకెక్కించి, గుహకి తోలుకుపోవాల్సింది. ఆ తర్వాత ఎవరేం అనుకుంటే నాకేం? కానీ నేనేం చేశాను? గెలిచినట్టు నవ్వాను.

"సంతకం నాదైతే ఖాతా నాది," అన్నాను. "పెట్టగలిగిన చెయ్యి తియ్యగలదు. మీ పెట్టెలు ఈ పూటే బయటికి తీయిస్తాను. ఏం చేస్తారో చేసుకోండి."



"గుర్తు చేసినందుకు ధన్యవాదాలు," అన్నారు హోలిస్ బ్రాంట్. ఫోన్ పెట్టేశారు.

నేను బయటికొచ్చి ఎమిల్ భుజం పట్టి లేపాను.

"లే. తీసుకెళ్ళే స్లిప్పు తే. నేను సంతకం పెడతాను. లారీ ఉందా?"

"ఉంది. కానీ అక్కా, ఆయన డబ్బు..."

"ఆయన డబ్బు ఆయనకి తర్వాత ఇద్దాం. నేను ఇల్లు తాకట్టు పెడతాను. ముందు ఫోర్క్‌లిఫ్ట్ బయటికి తియ్యి. నడుస్తుందా అదైనా?"

"నడుస్తుంది." అతని మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది. చెప్పాలంటే నాక్కూడా వచ్చింది. ఎవరైనా గట్టిగా చెప్పేవాళ్ళుంటే మావాడు మంచివాడే. గబగబా సొరుగులు లాగి స్లిప్పుల పుస్తకం తీశాడు. నాకు పెన్ను ఇచ్చాడు. నేను పేరు రాశాను, వెరా పెట్రాక్ అని. తేదీ వేస్తుండగా అతని బల్లమీద ఫ్యాక్స్ యంత్రం మోగింది.

ఇద్దరం దానివైపు చూశాం. కాగితం మెల్లగా బయటికొస్తోంది. మా ఫ్యాక్టరీ గుర్తు ముందు వచ్చింది, తర్వాత అక్షరాలు. ఎమిల్ దాన్ని చింపి చేతిలోకి తీసుకున్నాడు. చదువుతూ పెదాలు కదిలించాడు.

"ఏమని?"

"నీ ఉద్యోగం తీసేశారక్కా. ఇవాళ్టినుంచి. ఖాతాలో నీ పేరు కొట్టేశారు. వెరా పెట్రాక్‌కి పెట్టెలేవీ ఇవ్వకూడదు, తాకనివ్వకూడదు, తాకితే..." కింది లైను చూశాడు. "తాకితే దొంగతనంగా లెక్కించి పోలీసులకి చెప్పాలి. చెప్పకపోతే నన్నూ కేసులో కలుపుతారు."

నా చేతిలో పెన్ను ఇంకా ఉంది. సగం తేదీ వేసిన స్లిప్పు ఎమిల్ నా చేతికిందనుంచి లాగేశాడు. నెమ్మదిగానే లాగాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటికి పో అక్కా."

"డెల్బర్ట్‌కి ఏం చెప్పమంటావ్?"

"ఏదో ఒకటి చెప్పు. లాయర్లున్నారుగా, వాళ్ళు చూసుకుంటారు. మనమెంత?"

"లాయరు కోర్టులో అర్జీ పెట్టి, జడ్జీ సంతకం చేసి, ఎవరో వచ్చి తలుపు తట్టేసరికి ఈ వానలు అయిపోతాయి. నీకూ తెలుసు."

"తెలుసు."

"తెలిసీ?"

"అవునక్కా, తెలిసీ! ఎన్నిసార్లు అడుగుతావ్?" గట్టిగా అరిచాడు. గోడౌనంతా ఆ అరుపు తిరిగింది. "నీకు ఉద్యోగం పోయింది, అంతే. నాకు ఈ గోడౌన్ లైసెన్సు పోతే లోపల పెట్టెలున్నవాళ్ళందరూ నామీద పడతారు. స్కూలువాళ్ళు, డాక్టర్లు, అందరూ. ఒక్కొక్కరికీ తలుపు తెరిచి చూపించాలి. నేను బతకను. అర్థమైందా? నేను బతకలేనక్కా."

అర్థమైంది. నాకు కావాల్సినదానికంటే ఎక్కువే అర్థమైంది. వాడు చెడ్డవాడు కాదు. నలుగురిలో తల ఎత్తుకోలేనేమోనన్న భయానికి నలుగుర్ని చంపడానికి సిద్ధపడ్డ మామూలు మనిషి. అలాంటివాళ్ళే ఈ ఊళ్ళో, ఈ ఫ్యాక్టరీలో, ఆఫీసుల్లో నిండా ఉన్నారు. నేనేం వేరేదాన్ని? ఇన్నేళ్ళూ ఆ ఫిల్ములు పెట్టెల్లో సర్దుతూ, వాటిమీద మచ్చలు పెరగడం చూస్తూ, అందంగా అక్షరాలు రాసినదాన్ని నేనే కదా.

అవతలి చివరనుంచి చప్పుడు వినిపించింది. ఒకటి. కాసేపటికి ఇంకొకటి. అట్టమీద నీటిబొట్టు పడే చప్పుడు. అలాంటిది ఒక్కసారి వింటే మళ్ళీ మర్చిపోలేం.

నేను నడిచాను. ఎమిల్ వెనకే వచ్చాడు.

"అక్కా, ఆగు. అక్కా!"

ఆఖరి వరసలో పైనున్న ఇనప దూలంనుంచి నీళ్ళు కారి, ర్యాకు అంచున పోగై, కిందికి పడుతున్నాయి. నేల తడిగా మెరుస్తోంది. పెట్టెలు అక్షరాల వరసలో ఉన్నాయి. నా అలవాటే, లారీవాళ్ళు దాన్ని చెడగొట్టలేదు. హ్యాచర్ దొరకడానికి నాకు వెతకాల్సిన పని లేదు. వంగి రెండు చేతులూ పిడి కన్నాల్లో పెట్టాను. అట్ట చల్లగా ఉంది. ఇంకా గట్టిగానే ఉంది.

"ముట్టుకోకు," అన్నాడు ఎమిల్.  "నీకు దండం పెడతా. ముట్టుకుంటే నేను ఫోన్ చెయ్యాలి."

"చేసుకో."

"నిజంగా చేస్తా."

"నిన్ను ఆపానా?"

వాడు చెయ్యడనే అనుకున్నాను. నా తమ్ముడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. రోడ్డు దాటేటప్పుడు నా కోటు అంచు వదిలేవాడు కాదు. పెట్టె బరువుగా ఉంది. ఫిల్ముల పెట్టెలు ఎప్పుడూ కాగితాల పెట్టెలకంటే బరువే. మోకాళ్ళమీదికి ఎత్తుకుని, అక్కణ్ణించి గుండెలకి ఆనించుకుని లేచాను. డెల్బర్ట్ ఇరవైమూడేళ్ళ ఊపిరి. అది పట్టుకుని మెల్లగా గుమ్మం వైపు నడిచాను. ఒక్కటి చాలు, ఒక్కటి కారులో పడితే చాలు, మిగతావాటికోసం తర్వాత ఏడుద్దాం అనుకున్నాను.

ఆఫీసుగది అద్దం వెనక ఎమిల్ నిలబడి ఉన్నాడు. ఫోన్ చెవిదగ్గర ఉంది. నావైపు చూడటంలేదు. అవతల ఎవరో పలికినట్టున్నారు, వాడు తల ఊపాడు. మొదట గోడౌన్ చిరునామా చెప్పాడు. తర్వాత తన పేరు చెప్పాడు. దొంగ ఎవరో తెలుసా అని అడిగారేమో, కాస్త ఆగాడు. ఆ తర్వాత మా తమ్ముడు నా పేరు, మా నాన్న ఇచ్చిన ఇంటిపేరుతో సహా, వాళ్ళు రాసుకోవడానికి వీలుగా నింపాదిగా చెప్పాడు.